నీరసానికీ ఒక లెక్కుంది

క్యాన్సర్ చికిత్స అనగానే మన ఇళ్ళల్లో అందరికీ గుర్తుకొచ్చేవి మూడు. జుట్టు రాలిపోవడం, వాంతులు, నొప్పి. సినిమాలు కూడా మనకు వీటినే చూపించాయి. కానీ చికిత్స చేయించుకున్నవాళ్ళను కూర్చోబెట్టి, "మిమ్మల్ని అన్నిటికన్నా బాధపెట్టింది ఏమిటండీ?" అని అడిగి చూడండి. చాలామంది నోట ముందుగా వచ్చే మాట ఈ మూడింటిలో ఏదీ కాదు. "నీరసమండీ. ఒంట్లో సత్తువ లేదు. మంచం దిగాలంటే కొండ ఎక్కినట్టుంటుంది" అంటారు.

వాంతులకు ఇప్పుడు మంచి మందులొచ్చాయి. నొప్పికీ ఉన్నాయి. కీమోకు రాలిన జుట్టు సాధారణంగా మళ్ళీ వస్తుంది. ఈ నీరసం మాత్రం చీటీ మీద రాసిచ్చే ఒక్క మాత్రతో పోయేది కాదు. అందువల్లనేమో దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. రోగి చెప్పడు, ఇంట్లోవాళ్ళు అడగరు, డాక్టరు గారికి తీరిక చిక్కదు. ఈసారి మన శీర్షికలో ఆ నీరసం గురించీ, దాన్ని తట్టుకోవడానికి నర్సులు చేయగల సాయం గురించీ ముచ్చటించుకుందాం.

"బి.కామ్ చదివి బ్యాంకులో లెక్కలు చూసుకునే మనిషికి ఆసుపత్రి సంగతులెందుకు?" అని మీరు అనవచ్చు. చెన్నైలో కాపురముంటున్న తెలుగువాళ్ళలో, వైద్యం కోసం ఊరినుంచి వచ్చిన బంధువుకు గది, భోజనం, ఆటో, మాటసాయం చూడని ఇల్లు అరుదు. నెల్లూరు, ఒంగోలు, చిత్తూరు వైపు వారికి తాతల కాలం నుంచీ పెద్ద జబ్బంటే మద్రాసే. 1996లో ఊరి పేరు చెన్నైగా మారినా ఆ అలవాటు మారలేదు. కాబట్టి ఆసుపత్రి వరండాలు నాకే కాదు, మీకూ కొత్త కావు.

ఆ వరండాలలో క్యాన్సర్ మాటెత్తగానే ముందు తలపుకొచ్చేది అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్. తన చెల్లెల్ని క్యాన్సర్‌కు పోగొట్టుకున్న డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారు పట్టుబట్టి సాధించిన ఆసుపత్రి అది. 1954 జూన్ 18న 12 పడకలతో మొదలైంది. ఆమె కుమారుడు డాక్టర్ కృష్ణమూర్తి గారు, 1955లో వచ్చి చేరిన డాక్టర్ వి. శాంత గారు దాన్ని పెంచి పెద్దచేశారు. శాంత గారికి 2005లో మెగసెసే పురస్కారం వచ్చింది. 2021 జనవరి 19న కన్నుమూసేవరకు ఆమె జీవితమంతా ఆ ఆసుపత్రితోనే గడిచింది.

ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, ఆ 12 పడకల రోజుల్లో జనం అడిగిన ప్రశ్న ఒక్కటే, "మనిషి బతుకుతాడా?" అని. క్యాన్సర్ అంటే ఇక చేయగలిగింది లేదని చదువుకున్నవాళ్ళు కూడా అనుకున్న కాలమది. ఈనాడు ఎన్నో రకాల క్యాన్సర్లలో చాలామంది బతుకుతున్నారు, చికిత్స ముగించుకుని ఇళ్ళకు వెళుతున్నారు. కనుక ఇప్పుడు రెండో ప్రశ్న వేయవలసి వస్తోంది. "బతికిన మనిషి ఆ చికిత్స కాలాన్ని ఎలా గడుపుతాడు? తర్వాత మామూలు మనిషి ఎలా అవుతాడు?" నీరసం ఈ రెండో ప్రశ్నకు చెందినది.

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. ఈ నీరసం మనకు తెలిసిన అలసట కాదు. మార్చి నెలాఖరుకు ఖాతాలు ముగించి రాత్రి పదకొండింటికి ఇంటికొస్తే మేమూ అలిసిపోతాం. అన్నం తిని పడుకుంటే తెల్లారేసరికి తేరుకుంటాం. క్యాన్సర్ రోగి నీరసం నిద్రతో తీరదు. చేసిన పనికీ వచ్చిన అలసటకూ పొంతన ఉండదు. చొక్కా తొడుక్కుంటే చాలు, మెట్లెక్కినంత పనవుతుంది. దినపత్రికలో ఒక వార్త చదివేసరికి మొదటి వాక్యం మరచిపోతారు. మనసు కూడా ఒంటితోపాటు అలసిపోతుంది.

దీనికి కారణాలు ఒకటి కాదు. జబ్బూ, చికిత్సా రెండూ కలిసి శరీరంలో వాపును కలిగించే పదార్థాలను రక్తంలోకి వదులుతాయి. ఫ్లూ జ్వరం వచ్చినప్పుడు మనల్ని మంచాన పడేసేవి కూడా ఈ తరహావే. రక్తహీనత మరో కారణం. హిమోగ్లోబిన్ మగవారిలో 13, ఆడవారిలో 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటారు. కీమో మందులు రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జను కూడా దెబ్బతీస్తాయి కనుక ఈ అంకె పడిపోతుంటుంది. తిండి సయించకపోవడం, నొప్పి, నిద్ర పట్టకపోవడం, దిగులు, థైరాయిడ్ లోపం, వాంతులు ఆపడానికీ నిద్రకూ వాడే మాత్రల మత్తు కూడా ఉంటాయి. వీటన్నిటికీ తోడు మంచం ఒకటి. పడుకున్నకొద్దీ కండ కరుగుతుంది. కండ కరిగినకొద్దీ చిన్న పనికే అలుపొస్తుంది. అలుపొచ్చిందని మళ్ళీ పడుకుంటారు. అప్పు తీర్చడానికి అప్పు చేసిన వాడి కథే ఇది.

వచ్చే తీరులో కూడా తేడాలుంటాయి. కీమో ఎక్కించాక కొద్ది రోజులు నీరసం బాగా ఎక్కువగా ఉండి, తర్వాతి విడతలోపు చాలామందిలో కొంత తగ్గుతుంది. మన ఊళ్ళల్లో "కరెంటు పెట్టడం" అంటామే, ఆ రేడియేషన్‌లో అయితే మొదటి వారం పెద్దగా తెలియదు. వారాలు గడిచేకొద్దీ పేరుకుంటుంది. చికిత్స ఆగిన వెంటనే పోదు, తగ్గడానికి వారాలు పడుతుంది. కొందరిలో నెలల తరబడి, ఇంకొందరిలో సంవత్సరాల తరబడి ఉంటుంది. ఈ సంగతి ముందుగా తెలియని మనిషి ఏమనుకుంటాడు? మందు పనిచేయడం లేదనీ, జబ్బు ముదిరిపోయిందనీ అనుకుంటాడు. భయంతో చికిత్స మధ్యలో మానేసేవాళ్ళు కూడా ఉంటారు. నీరసం వెనకున్న అసలు ప్రమాదం ఇదే.

మరి దీన్ని చెప్పుకోరెందుకు? కొందరు ఇది ఎలాగూ తప్పదనుకుంటారు. కొందరు, చెబితే డాక్టరు మందు తగ్గించేస్తారేమోనని భయపడతారు. మన మగవాళ్ళకైతే "నాకు ఓపిక లేదు" అనడం నామోషీ. ఆడవాళ్ళు చెప్పినా ఇంట్లో వినేవాళ్ళు ఉండరు. ఓపిక లేకుండానే పని చేయడం వాళ్ళకు అలవాటని మనం అనుకుంటాం. ఇక ఓపీలో డాక్టరు గారి ముందు కూర్చునే నాలుగైదు నిమిషాల్లో స్కాన్ రిపోర్టు, రక్తపరీక్ష, తర్వాతి తేదీ, ఇవి మాట్లాడుకునేసరికే పిలుపు మరొకరికి వెళుతుంది.

ఇక్కడే నర్సు అవసరం కనిపిస్తుంది. కీమో డ్రిప్ ఎక్కే మూడు నాలుగు గంటలూ రోగి పక్కన మసలేది ఆమె. సూది గుచ్చేది, మధ్యలో వచ్చి చూసేది, బాత్‌రూమ్‌కు నడుస్తుంటే తూలుతున్నాడా లేదా గమనించేది ఆమె. నర్సు వృత్తికి ఒక రూపం ఇచ్చిన ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859 చివర వెలువడిన తన పుస్తకంలో రోగి నిద్ర గురించీ, వార్డులో అనవసరపు చప్పుళ్ళు అతని శక్తిని ఎలా హరిస్తాయన్న దాని గురించీ ప్రత్యేకంగా రాసింది. ఆమె కూడా క్రిమియా యుద్ధం నుంచి వచ్చాక ఏళ్ళ తరబడి జబ్బుతో, నిస్సత్తువతో మంచానికి అంటిపెట్టుకుని ఉన్న మనిషి. మంచం మీది మనిషి ఓపికను కాపాడటం నర్సు పనిలో భాగమేనన్న సంగతి ఈనాటిది కాదు.

నేను దగ్గరగా చూసిన ఒక ఉదాహరణ చెబుతాను. మా అక్కయ్య భర్త, అంటే మా బావగారు, కావలిలో బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి. పెద్దపేగులో క్యాన్సర్ అని తేలి, ఆపరేషన్ అయ్యాక, కీమో కోసం నగరంలోని ఒక ఆసుపత్రికి మూడు వారాలకొకసారి వచ్చేవారు. మకాం మా ఇంట్లోనే. జీవితమంతా తెల్లవారుజామున అయిదింటికి చన్నీళ్ళ స్నానం చేసిన మనిషి. ఆ పట్టుదలతోనే చికిత్స మధ్య కూడా అయిదింటికి లేచేవారు. స్నానం ముగిసేసరికే తూలిపోయి మంచానికి చేరేవారు. ఇక ఆ రోజంతా అంతే. మూడో విడత తర్వాత, "ఇక చాలోయ్, ఈ మందు జబ్బునే కాదు, నన్నూ తినేస్తోంది. ఊరికి పోతాను" అన్నారు. అక్కయ్య కళ్ళు తుడుచుకుంది.

నాలుగో విడతకు బలవంతం మీద తీసుకెళ్ళాం. అక్కడి సిస్టర్ తమిళావిడ. అంతకుముందు రెండుసార్లూ ఆవిడ బావగారిని, "ఆయాసమా ఇరుక్కా?" అని అడిగిందట. ఆయన ధైర్యంగా "లేదు" అన్నారట. ఆవిడ అదే రాసుకుంది. పక్కనే ఉన్న నాకు అప్పుడు తట్టింది. తమిళంలో ఆయాసమంటే అలసట. మనకు ఆయాసమంటే రొప్పు, ఊపిరి అందకపోవడం. ఆవిడ ఒకటడిగింది, ఈయన ఇంకొకదానికి జవాబిచ్చారు. ఇద్దరి మాటా నిజమే, కాగితం మీదికి మాత్రం తప్పెక్కింది! నేను తమిళంలో విడమర్చి చెప్పాక ఆవిడ నవ్వి, స్టూలు లాక్కుని కూర్చుంది.

తర్వాత ఆవిడ చేసిన పని నాకు వృత్తిరీత్యా బాగా నచ్చింది. "సున్నా అంటే నీరసమే లేదు. పది అంటే ఇంతకన్నా ఎక్కువ ఉండదు. గడిచిన వారంలో ఎంత?" అని అడిగింది. బావగారు ఆలోచించి "ఎనిమిది" అన్నారు. ఇలా అంకె అడగడం చాలా దేశాల్లో నర్సులు పాటించే పద్ధతే. మూడు లోపు ఉంటే స్వల్పం, నాలుగు నుంచి ఆరు మధ్యస్థం, ఏడు, ఆపైన ఉంటే తీవ్రం అని లెక్క. నాలుగుకు చేరిందంటే కారణం వెతకాలి. ఆవిడ వెంటనే డాక్టరు గారికి చెప్పింది. హిమోగ్లోబిన్ 8.6 ఉంది. ఇనుము లోపం ఉందని తేలి, దానికి వైద్యం మొదలుపెట్టారు. రాత్రి నిద్ర గురించి, భోజనం గురించి, మనసులో దిగులు గురించి కూడా ఆవిడ ఒక్కొక్క ప్రశ్న అడిగింది. అంతా కలిపి పది నిమిషాలు పట్టి ఉంటుంది.

లేచేముందు ఒక తెల్లకాగితం మీద గీతలు గీసి ఇచ్చింది. నిలువునా తేదీలు. అడ్డంగా పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. ప్రతి గడిలో ఒక అంకె, పక్కన ఆ పూట చేసిన పని. నా కళ్ళకది అచ్చం మా లెడ్జరు! బావగారు పంతులుగారు కదా, వరస తప్పకుండా రాశారు. రెండు విడతలు గడిచేసరికి సంగతి కళ్ళకు కట్టింది. మందు ఎక్కిన రెండో రోజు నుంచి ఆరో రోజు దాకా ఏడూ ఎనిమిదీ. పదో రోజుకు నాలుగు. మూడో వారంలో మూడు. రోజులో చూస్తే పొద్దున పది గంటల ప్రాంతంలో అంకె తక్కువ, సాయంత్రం నాలుగింటికి ఎక్కువ.

"చూశారా సార్, ఎక్కినది దిగుతోంది" అంది సిస్టర్, తనకొచ్చిన తెలుగులో. ఆ ఒక్క మాటకు బావగారి ముఖంలో మార్పు నేను చూశాను. అంతవరకు ఆయనకు నీరసం అంతులేని సంగతి. కాగితం మీద దానికి ఒక ఎగుడు, ఒక దిగుడు కనిపించాయి. ఊరికి పోతాననే మాట మళ్ళీ ఎత్తలేదు. విడతలన్నీ పూర్తిచేశారు.

ఆ లెక్కను పట్టుకునే దినచర్య మార్చాం. ఒంట్లోని శక్తిని సేవింగ్స్ ఖాతాలోని నిల్వ అనుకోండి. ఆరోగ్యవంతుడికి రాత్రికి రాత్రి జీతం జమ అవుతుంది. రోగికి జమ తక్కువ, అదీ ఆలస్యం. అలాంటప్పుడు తెల్లారేసరికే చన్నీళ్ళ స్నానానికి సగం నిల్వ తీసేస్తే మిగతా రోజుకు ఏం మిగులుతుంది? సిస్టర్ సలహా మీద స్నానం పది గంటలకు మారింది. నిలబడి కాదు, ముక్కాలి పీట మీద కూర్చుని, గోరువెచ్చని నీళ్ళతో. తుడుచుకోవడానికి తొందర లేకుండా పెద్ద తువ్వాలు ఒంటికి చుట్టుకోవడం. తరచూ కావలసిన కళ్ళద్దాలు, మాత్రలు, నీళ్ళ చెంబు, ఫోను చేతికందే చోట పెట్టడం. పని మధ్యలో అలుపు రాకముందే ఆగడం. చుట్టాల పరామర్శలు మూడో వారానికి. మొదటి వారంలో వచ్చినవాళ్ళను మా అక్కయ్యే గుమ్మంలో కాఫీ ఇచ్చి పంపించేది.

అయితే ఖర్చు తగ్గించడమొక్కటే సరిపోదు. జమ కూడా పెంచాలి కదా! ఇక్కడ సిస్టర్ చెప్పిన మాట విని అక్కయ్య ఆశ్చర్యపోయింది. "రోజూ నడిపించండి" అంది. ఓపిక లేని మనిషిని నడవమనడమేమిటని మనకు అనిపిస్తుంది. కానీ శాస్త్రం అదే చెబుతోంది. 2017లో అమెరికా వైద్య సంఘం వారి క్యాన్సర్ పత్రికలో 113 అధ్యయనాలను, అంటే పదకొండు వేల మందికి పైగా రోగుల వివరాలను, కలిపి చూసిన వ్యాసం వచ్చింది. క్యాన్సర్ నీరసాన్ని తగ్గించడంలో వ్యాయామమూ, మనసుకు ఇచ్చే శిక్షణా మందుల కన్నా మెరుగ్గా పనిచేశాయని అందులో తేలింది. 2024లో వెలువడిన అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం సూచనలు కూడా వ్యాయామాన్నే ముందు వరసలో పెట్టాయి.

వ్యాయామమంటే బరువులెత్తడం కాదు. బావగారికి మొదట వరండాలో అయిదు నిమిషాలు, రోజుకు రెండుసార్లు. కొన్నాళ్ళకు పది నిమిషాలు. చివరికి పొద్దున బీసెంట్ నగర్ బీచి పక్కన ఇరవై నిమిషాలు. నడుస్తూ మాట్లాడగలగాలి, అదీ కొలత. కాకపోతే ఇది సొంతంగా మొదలుపెట్టేది కాదు. జ్వరం ఉన్నా, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినా, జబ్బు ఎముకలకు పాకినా, గుండె సమస్య ఉన్నా డాక్టరును అడగనిదే నడక కూడా పెట్టకూడదు. ఎవరికి ఎంత అన్నది రక్తపరీక్ష చూసి చెప్పవలసిన మాట.

పగటి నిద్ర గురించి కూడా సిస్టర్ ఒక నియమం పెట్టింది. మధ్యాహ్నం కునుకు గంట దాటకూడదు, సాయంత్రం పూట అసలు వద్దు. పగలు మూడు గంటలు పడుకుంటే రాత్రి రెండింటికి కళ్ళు తెరుచుకుని దిగులు మొదలవుతుంది. ఆ దిగులు మర్నాటి నీరసానికి పెట్టుబడి. తిండి విషయంలో మూడు పూటలా నిండా పెట్టి "తిను, తిను" అని వెంటపడటం కన్నా, రెండు గంటలకొకసారి కొంచెం కొంచెం పెట్టమంది. ఇడ్లీ, పెసరపప్పు కట్టు, ఉడికించిన గుడ్డు, అరటిపండు, ఇలా నమలడానికి ఎక్కువ కష్టం లేనివి.

ఇందులో యంత్రం లేదు, ఖరీదైన మందు లేదు. అడగడం, అంకె వేయడం, కారణం కనిపిస్తే డాక్టరుకు చేరవేయడం, ముందుగా చెప్పి భయం తీర్చడం, దినచర్య మార్చడం. ఈ అయిదూ నర్సు చేతిలో ఉన్న పనులే. ఒక్కొక్క నర్సు ఎన్ని పడకలు చూసుకోవాలో మనకు తెలుసు. అందరికీ పది నిమిషాలు కూర్చునే వీలుండదు. అలాంటి చోట మొదటి అడుగు మనమే వేయాలి. "సిస్టర్, ఈయన నీరసం ఏడు ఉంది. పోయినసారి అయిదే" అని మనమే అంకె చెబితే ఆమె పని సగం తగ్గుతుంది. "చాలా నీరసంగా ఉందండీ" అన్న మాట వార్డులో రోజుకు వందసార్లు వినిపిస్తుంది. అయిదు ఏడైందన్న మాట చెవికెక్కుతుంది.

కొన్ని సంగతులు మాత్రం నీరసం కింద రాసుకుని ఊరుకోకూడదు. కీమో నడుస్తున్న మనిషికి జ్వరం 100.4 డిగ్రీలు తాకితే అది అత్యవసరం. ఇంట్లో మాత్ర వేసి తెల్లారేదాకా ఆగకూడదు. కూర్చున్నా ఊపిరి అందకపోవడం, ఛాతీలో నొప్పి, ఆగని రక్తస్రావం, ఉన్నట్టుండి మాట తడబడటం లేదా మనిషిని పోల్చుకోలేకపోవడం, పూర్తిగా మంచం దిగలేని స్థితి వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మన "ఆయాసం" అవతలివాళ్ళకు వట్టి అలసటగా వినిపిస్తే ఎంత నష్టమో ఇక్కడ ఆలోచించండి. అందుకే చెన్నై ఆసుపత్రులకు వచ్చే మనవాళ్ళు ఆ మాట వాడేటప్పుడు చేత్తో ఛాతీ చూపించి చెప్పడం మేలు. అలసటకు తమిళంలో "సోర్వు", "కళైప్పు", "అసతి" అన్న మాటలున్నాయి. ఈ మూడూ నేర్చుకుంటే చాలు.

ఇంటివాళ్ళతో ఒక మాట. రోగిని "సోమరితనం వదిలించుకో, మనసు గట్టిచేసుకో" అని అనకండి. బావగారికి ధైర్యం లేక కాదు, హిమోగ్లోబిన్ లేక. అలాగని అన్ని పనులూ చేతిలోంచి లాగేసుకోకండి కూడా. మనిషికి ఇష్టమైన పని ఒకటి మిగల్చండి. మా బావగారు తన ఖాతాలోని కొద్దిపాటి నిల్వను మనవడికి ఎక్కాలు చెప్పడానికి దాచుకునేవారు. ఫోనులోనే, పదిన్నరకు, పావుగంట. దేనికి ఖర్చుపెట్టాలో నిర్ణయించుకునే హక్కు ఖాతాదారుదే కదా!

చికిత్స ముగిసి ఏడాది దాటింది. బావగారు కావలిలో ఉన్నారు. పూర్తిగా పాత మనిషి అయ్యారని చెప్పను. ఎండలో బజారుకు వెళ్ళివస్తే ఇప్పటికీ ఆ పూట పడుకోవలసిందే. కాగితం మాత్రం మానలేదు. ఇప్పుడు వారానికొక అంకె రాస్తారు. ఎక్కువగా రెండు, ఒక్కోసారి మూడు.

చివరగా మన సంఘం సభ్యులకు ఒక విన్నపం. పండగలకు, నాటకాలకు మనం బాగానే కలుస్తున్నాం. ఈ నగరంలోని ఆసుపత్రులలో మాట తెలియక, బాధ చెప్పుకోలేక కూర్చున్న తెలుగువాళ్ళు ప్రతిరోజూ ఉంటారు. నీరసం, ఆయాసం, కళ్ళు తిరగడం, వికారం, మంట, తిమ్మిరి వంటి ఒక ఇరవై తెలుగు మాటలకు ఎదురుగా తమిళ, మలయాళ, ఇంగ్లీషు అర్థాలు, కింద సున్నా నుంచి పదిదాకా అంకెలున్న గీత ఒకటి, ఇవన్నీ ఒకే అట్ట మీద అచ్చు వేయించి, ఆసుపత్రుల అనుమతితో నర్సులకూ రోగులకూ ఇవ్వగలిగితే ఎంత బాగుంటుంది! అచ్చు ఖర్చు మన ఉగాది భోజనాల ఖర్చులో ఎన్నో వంతో కూడా రాదు. మాటలు సరిచూడటానికి మనలోనే ఉన్న డాక్టర్లు, రిటైరైన నర్సులు ఒక ఆదివారం కేటాయిస్తే సరిపోతుంది. వారానికి రెండు గంటలు వెళ్ళి మాటసాయం చేయగలవారు కార్యదర్శి గారికి పేరు ఇవ్వండి. మొదటి పేరు నాది రాసుకోమని ఇప్పటికే చెప్పాను.

వచ్చే సంచికలో మళ్ళీ కలుసుకుందాం. అంతవరకు సెలవు.